చెమటయు, వ్యాయామమును, దేహభారమును



నేటి ప్రసంగమునకు విషయము చెమట. ఇంత సామాన్యమైన దానిని గుఱించి చెప్పవలసిన దేమున్నదని కొందఱు తలపవచ్చును. సామాన్యమైన విషయములందు మనకు సందేహము పుట్టదు. సందేహము పుట్టని చోటనే పొరపాటు చిరకాలము నిలిచియుండును. “ఒడలు చెమర్చిననే అది వ్యాయామము, కారిన చెమట యంతయు కరగిన కొవ్వే” యను నమ్మకము మన పల్లెలలో పిన్నలకును పెద్దలకును సమానముగా నున్నది. ఈ నమ్మకమున సత్యమెంత, అసత్యమెంత, దానివలన కలుగు హాని యెట్టిది యను మూడంశములను క్రమముగా మనవిచేయుదును.

మొదట ఈ నమ్మక మెట్లు పుట్టినదో చూతము. మన భాషయే దీనికి కొంత కారణము. కష్టపడుటను చెమటోడ్చుట యందుము. శ్రమ యున్నచోట నెల్ల చెమట కానవచ్చుటచే రెంటికిని విడదీయరాని బంధమున్నదని యెంచితిమి. కాని కమ్మరి కొలిమికడకు పోయి చూడుడు. సమ్మెట కొట్టువానికిని చెమట పట్టును. కఱ్ఱు సాగగొట్టించుకొనుటకు వచ్చి ప్రక్కన ఊరక కూర్చున్న రైతునకును చెమట పట్టును. పెండ్లివంటలలో గాడిపొయ్యి దగ్గఱ నిలుచుండి పనివారికి ఉత్తరువు లిచ్చువానికిని అంగవస్త్రము తడియును. పుష్యమాసమున తెల్లవాఱుజామున కావడితో నీళ్లు మోయువాని నుదుట ఒక్క బిందువైనను కానరాదు. వీరిలో ఎవ్వరు వ్యాయామము చేసినట్లు? చెమట వేడిమికి గుర్తేకాని శ్రమకు కొలతబద్ద కాదని దీనివలన తెలియుచున్నది.

ఇక మన వైద్యశాస్త్రము నడుగుదము. సప్తధాతువులలో మేదస్సునకు మలము స్వేదమని ఆయుర్వేదము చెప్పును. కొవ్వే చెమటయై కారునను లోకాభిప్రాయమునకు మూలమిదియే కావచ్చును. కాని అదే శాస్త్రమున మఱి రెండు విషయములు గలవు. స్థూలకాయునకు గల కష్టములలో అధికస్వేదమును చరకసంహిత యొకటిగా లెక్కించినది. చెమట కారుటచేతనే కొవ్వు కరగునెడల, ఎల్లరికంటె ఎక్కువ చెమటోడ్చు స్థూలకాయుడే అందఱికంటె ముందుగా సన్నగిల్లవలసియుండెను గదా! రెండవది, వ్యాయామము అర్ధశక్తితో మాత్రమే చేయవలయునని మన వైద్యాచార్యుల విధి. నుదుటను, ముక్కుమీదను, చంకలందును, కీళ్లయందును చెమట పొడమి నోరెండుట అర్ధశక్తికి లక్షణముగా చెప్పబడినది. అనగా, ఇక చాలునని నిలుపుటకు పెద్దలు చెప్పిన గుర్తును మనము ఇంకను కానిమ్మను ప్రోత్సాహముగా మార్చుకొంటిమి. శాస్త్రమందు దోషము లేదు. చదివిన తీరున గలదు.

చెమట యేల పట్టును? కండరములు పనిచేయునప్పుడు అవి వ్యయపఱచు శక్తిలో సుమారు నాలుగింట మూడుపాళ్లు వేడిమిగా మాఱును. ఆ వేడిమి దేహముననే నిలిచినచో ప్రాణమునకే ముప్పు. దానిని వెడలించుటకై చర్మమునందు ఇరువది లక్షలనుండి నలువది లక్షల వఱకు స్వేదగ్రంథులు గలవు. మన యిండ్లలోని మట్టికుండ యీ రహస్యమును నిత్యము ప్రదర్శించుచునే యున్నది. కుండగోడలనుండి ఊఱిన నీరు ఆవిరియగుచు లోపలి వేడిమిని కొనిపోవును. కావుననే కుండనీరు చల్లన. ఇత్తడిబిందె ఊఱదు, కనుక చల్లబడదు. మన చర్మమును మట్టికుండవంటిదే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో సుమారు 580 కెలోరీల వేడిమి దేహమును విడుచును. ఇచ్చట జాగ్రత్తగా గమనింపవలయును. ఆ వేడిమి అంతకుముందే పుట్టియున్నది; చెమట దానిని బయటికి పంపునే కాని, చెమట కొఱకై కొవ్వు ఖర్చుపడుటలేదు.

చెమట కారినంత మాత్రమున చలువ కలుగదు. అది ఆవిరి కావలయును. సముద్రతీరపు బందరువంటి చోట్ల గాలిలో తేమ యధికము. అచ్చట చెమట ధారలుగా కారి నేలపాలగునుగాని చలువ తక్కువ. పల్నాటి రెంటచింతలవంటి చోట పొడిగాలికి చెమట పట్టినది పట్టినట్లే ఆఱిపోవును. ఒడలు పొడిగానే యున్నను లోపలి నీరు మాత్రము తఱుగుచుండును. తీరవాసి తాను మిక్కిలి శ్రమించితినని భ్రమించును. మెట్టవాసి తనకు చెమటయే పట్టలేదని నీరు త్రాగుట మఱచును. ఇరువురును చెమటను చూచి మోసపోవుచున్నారు.

అట్లయిన కొవ్వు ఎచ్చటికి పోవును? దేవునియెదుట దీపమును చూడుడు. సాయంకాలము ప్రమిదనిండ నూనె పోయుదుము. తెల్లవాఱునప్పటికి నూనె లేదు. అది క్రిందికి కారలేదు, ఇంకలేదు. గాలిలోని ప్రాణవాయువుతో గలసి మండి వాయురూపమున వెడలినది. దేహమందలి కొవ్వును అట్లే మండును. ఫ్రాన్సుదేశమున లవాజియే యను రసాయనశాస్త్రజ్ఞుడు 1789, 1790 ప్రాంతమున తన సహచరుని గాలి చొరని సంచిలో నుంచి, చర్మమున పోవు దానిని, ఊపిరితో పోవు దానిని వేర్వేఱుగా కొలిచెను. ఊపిరియు ఒకవిధమైన నెమ్మదిమంట యని ఆయన సిద్ధాంతము. 2014లో ఆస్ట్రేలియాదేశపు శాస్త్రజ్ఞులు మీర్మన్, బ్రౌన్ అనువారు ఈ లెక్కను సంపూర్ణముగా కట్టి ప్రకటించిరి. పది కిలోల కొవ్వు దేహమునందు దగ్ధమైనచో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువై ఊపిరితో వెడలును, 1.6 కిలోలు మాత్రము నీరగును. ఆ నీరు మూత్రము, ఊపిరి, చెమట మొదలగు మార్గముల పోవును. కావున కొవ్వు వెడలు రాజమార్గము ముక్కు. చర్మము సందుదారి మాత్రమే. మేదస్సునకును స్వేదమునకును సంబంధము బొత్తిగా లేదనలేము; ఉన్నది మిక్కిలి స్వల్పము.

“అయ్యా, చెమటోడ్చినపిదప తూచిన బరువు తగ్గుచున్నదే” యని మీరు ప్రశ్నింపవచ్చును. నిజమే, తగ్గును. ఇటలీలోని పాడువా నగరమున సాంటోరియో యను వైద్యుడు త్రాసునకు కట్టిన కుర్చీలో కూర్చుండి, తిన్నదానిని, విసర్జించినదానిని, తన దేహమును పెక్కేండ్లు తూచి 1614లో గ్రంథము ప్రకటించెను. కంటికి కనబడకుండ దేహమునుండి పోవు భారమెంతయో ఆయన నిరూపించెను. నేనును ఈ ముచ్చట తీర్చుకొంటిని. గత చైత్రమున మా గ్రామపు బియ్యపుమరలోని కాటామీద సాయంకాలము నిలువగా 68 కిలోల 400 గ్రాములుంటిని. చెఱువుకట్టమీద గంటన్నర వడిగా నడచి వచ్చి మరల నిలువగా 67 కిలోల 600 గ్రాములు. మరవారు అబ్బురపడిరి. ఉప్పు వేసిన మజ్జిగయు నీళ్లును దప్పిక తీరునట్లు త్రాగి అరగంట తరువాత నిలిచితిని. 68 కిలోల 300 గ్రాములు. పోయినది నీరు, వచ్చినదియు నీరే.

లెక్క వేసి చూచినను ఇదియే తేలును. ఒక కిలో దేహపుకొవ్వు సుమారు 7,700 కెలోరీలకు సమానము. మధ్యమకాయుడు గంటసేపు వడిగా నడచిన సుమారు 250 కెలోరీలు ఖర్చగును. కిలో కొవ్వు కరగుటకు ముప్పదిగంటల నడక కావలయును. ఒక్కపూటలో కిలో తగ్గితినని సంతసించువాడు తన దేహపు బావిని కొంత తోడినాడే కాని పూడిక తీయలేదు.

ఇంతవఱకు చెప్పినది కేవలము పండితచర్చ యని తలపవలదు. ఇందు ప్రాణములు ముడిపడియున్నవి. అమెరికాదేశమున 1997వ సంవత్సరము నవంబరు, డిసెంబరు నెలలలో ముగ్గురు కళాశాల కుస్తీవీరులు, పోటీకి నిర్ణయించిన బరువునకు దిగుటకై గాలి చొరని దుస్తులు తొడిగి, వేడిగదులలో శ్రమించి, కొలది వారములలో ఒకరివెంట నొకరు మరణించిరి. అటుపిమ్మట అట్టి దుస్తులను అచ్చటి కళాశాల కుస్తీలలో నిషేధించిరి. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్ క్రీడలలో మన దేశపు కుస్తీవీరురాలు వినేశ్ ఫోగట్ ఫైనలు వఱకు గెలిచియు, రాత్రియంతయు శ్రమించినను 50 కిలోలకు 100 గ్రాములు ఎక్కువ తూగి అర్హత కోల్పోయిన వార్త మన పల్లెలలో ఎఱుగనివారు లేరు. చెమటతో బరువు తగ్గించుటకు ఎంత బలవంతులకైనను హద్దు గలదని అది చాటినది.

మన యూళ్ల మాటకు వత్తును. నా పూర్వశిష్యుడొకడు పోలీసు ఉద్యోగమునకు పరుగు నభ్యసించుచు, పొట్ట తగ్గవలయునని ఎరువుబస్తాలోని ప్లాస్టిక్ సంచిని నడుమునకు చుట్టి, దానిపై దళమైన చొక్కా తొడిగి, వైశాఖమాసపు ఎండలో పరుగెత్తెను. మూడవనాడు మాట తడబడి పడిపోయెను. పొలమునుండి వచ్చు రైతులు నీడకు మోసి, సంచి విప్పి, నూతినీళ్లు పోసి, కండువాలతో విసరి ఆస్పత్రికి చేర్చిరి గనుక బ్రదికెను. ప్లాస్టిక్ చుట్టినపుడు చెమట కారును గాని ఆవిరి కాదు. అనగా మట్టికుండకు ఇత్తడితొడుగు వేసినట్లు. 2015 మే నెలలో వడగాడ్పులకు మన దేశమున రెండువేలకు పైగా జనులు మరణించిరి. వారిలో పెక్కుమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణములవారే. వడదెబ్బకు ప్లాస్టిక్ సంచి తోడుచేయుట యెంతటి యవివేకమో చెప్పనక్కఱలేదు.

కావున నేను మనవిచేయు పద్ధతి యిది. వేసవిలో సూర్యోదయమునకు ముందో, ప్రొద్దుగ్రుంకిన పిమ్మటనో నడువుడు. పలుచని నూలుబట్ట కట్టుడు. దినమునకు అరగంట చొప్పున వారమునకు ఐదు దినములైనను నడచుట మేలు. శ్రమకు కొలత కావలయునన్న చెమటను చూడవలదు, ఊపిరిని చూడుడు. తోడివానితో మాటలాడగలిగి, పద్యమును రాగముతో చదువలేని స్థితి కలిగెనేని శ్రమ తగినంతగా నున్నట్లే. బరువును వారమున కొకమాఱు, ప్రాతఃకాలమున, ఏమియు తినకమునుపు తూచుకొనుడు. అంతకంటె నడుము కొలత యుత్తమము. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించకుండుట మంచిదని వైద్యులు చెప్పుదురు. పళ్లెములోని అన్నమును కొంత తగ్గించి పప్పును, కూరలను పెంచుడు. నడక యొక్కటియే చాలదు.

చెమటతో పోవునది ముఖ్యముగా నీరును ఉప్పును. దానిని మరల నింపుటకు ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, అంబలి మన పెద్దలు చూపిన మంచిదారి. రక్తపుపోటు, మూత్రపిండముల జబ్బు గలవారు ఉప్పు విషయమున వైద్యుని అడుగవలయును. వయసు మీఱినకొలది దప్పిక మందగించును గనుక, మనవంటివారు దప్పిక కలుగకున్నను కొంచెము కొంచెముగ నీరు త్రాగుట మేలు.

పెద్దలైన మీరు ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనవలసినవి మూడు గలవు. శ్రమలేకుండనే చల్లని చెమట పట్టి, రొమ్ము బరువెక్కి, ఎడమచేయియో దవడయో లాగుచున్నచో అది గుండెజబ్బు కావచ్చును. “ఉక్కగా నున్నది” అని విసనకఱ్ఱ తీసికొని కూర్చుండక, తత్క్షణమే 108కి ఫోను చేయింపుడు. మధుమేహమునకు మందు వాడువారికి చెమటతో వణకు, కన్నులు తిరుగుట కలిగినచో రక్తమున చక్కెర పడిపోయియుండును. స్మృతి యున్నప్పుడే పంచదార నీళ్లో, బెల్లమో ఇయ్యవలయును. ఎండలో పనిచేయువాడు, చెమట యున్నను లేకున్నను, మాట తడబడి తికమకపడినచో వడదెబ్బ యని యెంచి, నీడకు చేర్చి, ఒడలు తడిపి, విసరుచు ఆస్పత్రికి పంపవలయును. తెలివి తప్పినవాని నోట నీరు పోయరాదు.

చెమటను నేను నిందించుటలేదు. అది దేహమను నింటికి కాపలాదారు. వేడిమి హద్దు మీఱకుండ చూచుట దాని యుద్యోగము. కొవ్వు మోయు కూలి పని దానిపై పెట్టుట మనము చేయు అన్యాయము. మీ యింట పిల్లలు నడుమునకు ప్లాస్టిక్ చుట్టుకొని పరుగునకు బయలుదేరునపుడు మీరొక్క మాట చెప్పి విప్పించినచో నేటి ప్రసంగము సార్థకమైనట్లే. పిల్లలు రేడియో మాట వినకపోవచ్చును. అరుగుమీది తాతయ్య మాట వినకపోరు.