పేగు తీసేశాక విటమిన్ల సంగతి



ఆమధ్య హోసూరు వైపునుంచి ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చారు. రిటైరయిన తెలుగు మాస్టారు. "డాక్టరుగారూ, నడుస్తూంటే కాలి చెప్పు జారిపోయినా తెలియటం లేదండీ" అన్నారు. నాలుగేళ్ళ క్రితం పేగుకు క్షయ సోకి దారి మూసుకుపోతే, చిన్న పేగు చివర మూడడుగుల మేర తీసేశారు. నెలనెలా బి-12 ఇంజక్షన్ చేయించుకోమన్నారు. ఏడాది తిరిగేసరికి విరేచనాలు తగ్గాయి, ఒళ్ళు తేరుకుంది. ఇంకెందుకులే అని ఆయన మానేశారు.

ఆయన అలా అనుకోవడంలో వింత లేదు. చిన్న పేగు సుమారు 20 అడుగులుంటుంది. కొంత తీసేస్తే మిగిలింది చేతులు ముడుచుకు కూర్చోదు. లోపలి గోడమీద ముఖమల్ నూగులా ఉండే సన్నని మొలకలు పొడవవుతాయి, గొట్టం వెడల్పవుతుంది. ఏడాది, రెండేళ్ళు సాగే పని ఇది. అదీ నోటిద్వారా తిండి పడుతూ ఉంటేనే. పేగు పై భాగం తీసేస్తే దాని పనిని కింది భాగం చాలావరకు అందుకుంటుంది.

కాని కింది భాగం పని పై భాగానికి చేతకాదు. బి-12 విటమిన్ జీర్ణాశయంలో ఊరే ఒక మాంసకృత్తుతో జతకట్టి వస్తుంది. ఆ జంటను పట్టుకునే ఏర్పాటు పేగు చివరి భాగంలోనే ఉంది. అక్కడ రెండడుగులకు మించి పోతే ఆ లోటు సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. పైత్యరసంలోని లవణాలు తిరిగి రక్తంలో చేరేదీ అక్కడే. అవి తగ్గితే కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లూ తగ్గవచ్చు.

మరి ఇన్నాళ్ళూ మాస్టారికి ఎలా గడిచింది? గాదెలో ధాన్యంలా కాలేయంలో బి-12 నిల్వ ఉంటుంది. కొన్నేళ్ళపాటు వస్తుంది. అడుగంటే దాకా మనకు తెలియదు.

ఇంకో పొరపాటూ జరిగింది. నీరసానికని ఆయన మందుల షాపులో ఫోలిక్ ఆసిడ్ మాత్రలు కొని మింగుతున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1940లలో అమెరికాలో తయారుచేసిన విటమిన్ అది. మంచి మందే. కాని బి-12 లోటున్నవారికి అదొక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. మాస్టారి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగానే ఉంది మరి!

పేగు ఆపరేషన్ అయినవారు ఆసుపత్రి కాగితాలు పారేయకండి. ఏ భాగం, ఎంత పొడవు తీశారో అందులో రాసి ఉంటుంది. ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ముందు అది చూపించండి.

మాస్టారికి ఇంజక్షన్లు మళ్ళీ మొదలుపెట్టాం. తిమ్మిర్లు తగ్గాయి, చెప్పు నిలుస్తోంది. చీకట్లో మాత్రం ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తున్నారు.