ఉత్తుత్తి డబ్బుతో చీటీ: మన ల్యాప్‌టాప్‌లోనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్

డ్యూటీలో ఉండి ఈ ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ల కోసం, విన్నాక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్కో మెట్టూ చేసుకుందామనుకునేవాళ్ల కోసం మాటలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాం.

ఈసారి ఒక తమ్ముడి మెసేజ్‌తో మొదలుపెడదాం. పగలు స్టోర్‌కీపర్ పని, రాత్రి రూమ్‌లో కోడింగ్ నేర్చుకుంటున్నాడు. ఏమడిగాడంటే: "అన్నా, బ్లాక్‌చెయిన్ నేర్చుకోవాలంటే ముందు టెస్ట్ కాయిన్లు కొనుక్కోవాలంట. 300 దిర్హామ్స్ పంపితే వాలెట్‌లో వేస్తామంటున్నారు. పంపాలా?"

వద్దు తమ్ముడూ. ఒక్క దిర్హామ్ కూడా పంపొద్దు. ఆ టెస్ట్ కాయిన్లకు విలువ లేదు, ఉండకూడదు. వాటిని తయారు చేసిందే విలువ లేకుండా వాడుకోవడానికి. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. నువ్వు మొదటి ఆరు నెలలు నేర్చుకునేదానికి ఆ కాయిన్లు కూడా అక్కర్లేదు. నీ ల్యాప్‌టాప్‌లోనే మొత్తం నెట్‌వర్క్ పెట్టుకోవచ్చు. అందులో నువ్వే బ్యాంకు, నువ్వే ఖాతాదారుడివి, డబ్బు అచ్చువేసేదీ నువ్వే. అదెలాగో ఈరోజు చెప్పుకుందాం.

ఈ ప్రశ్న మన దగ్గరికే ఇన్నిసార్లు ఎందుకొస్తోంది? మనమున్న దేశం అలాంటిది. యూఏఈ ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో ఎమిరేట్స్ బ్లాక్‌చెయిన్ స్ట్రాటజీ ప్రకటించింది. ప్రభుత్వ లావాదేవీల్లో 50 శాతం 2021 కల్లా ఈ పద్ధతిలోకి తేవాలని లక్ష్యం పెట్టుకుంది. 2022లో దుబాయ్‌లో వర్చువల్ అసెట్స్ కంపెనీల మీద అజమాయిషీకి వారా అనే సంస్థ వచ్చింది. దాంతో కంపెనీలొచ్చాయి, ఉద్యోగాల ప్రకటనలొచ్చాయి. వెనకాలే మోసగాళ్లూ వచ్చారు. నేర్చుకుని పని మారదామనుకునే మనవాడు ఈ రెండింటి మధ్యా నిలబడ్డాడు.

సరే, పనిలోకి దిగుదాం.

అసలు ఇథీరియం నెట్‌వర్క్ అంటే ప్రపంచమంతా వేల కంప్యూటర్లు ఒకే ఖాతా పుస్తకాన్ని రాసుకుంటూ పోవడం. ఆ పుస్తకం మొత్తం మన దగ్గర పెట్టుకోవాలంటే ఒక టెరాబైట్‌కు పైనే డిస్క్ కావాలి. లోకల్ నెట్‌వర్క్‌కి అంత అవసరం లేదు. రూల్స్ అవే, పుస్తకం మాత్రం కొత్తది, మొదటి పేజీ నుంచి ఖాళీ. రాసే కంప్యూటరు ఒక్కటే, అది మనదే. 8 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ అయినా చాలు.

దీనికి రెండు పరికరాలు బాగా వాడుకలో ఉన్నాయి. జావాస్క్రిప్ట్ అలవాటు ఉన్నవాళ్లకు హార్డ్‌హ్యాట్. రెండోది ఫౌండ్రీ. పాత వీడియోల్లో గనాష్ అని ఇంకొకటి చూపిస్తారు, దాన్ని తయారుచేసిన కంపెనీయే 2023లో ఆపేస్తున్నామని చెప్పింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాని జోలికి పోవద్దు. నేను ఫౌండ్రీ చెప్తాను. అందులో పేర్లు మన ఊరి కమ్మరి కొట్టంలోవి. ఫోర్జ్ అంటే కొలిమి, కోడ్ అక్కడ తయారవుతుంది. ఆన్విల్ అంటే దాగలి, ఆ కోడ్‌ని దానిమీద పెట్టి కొట్టి చూస్తాం. కొలిమిలోంచి తీసిన కొడవలిని దాగలి మీద సరిచేయకుండా ఎవరైనా పొలానికి పట్టుకెళ్తారా? ఇదీ అంతే.

మొదటి మెట్టు. విండోస్ ల్యాప్‌టాప్ అయితే ముందు గిట్ బ్యాష్ వేసుకోండి. ఫౌండ్రీ ఇన్‌స్టాలర్ మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో, పవర్‌షెల్‌లో నడవదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి మనవల్ల కాదనుకుంటారు. తర్వాత గెట్‌ఫౌండ్రీ డాట్ ఎస్‌హెచ్ అనే అధికారిక సైట్‌లో ఉన్న ఇన్‌స్టాల్ లైను కాపీ చేసి గిట్ బ్యాష్‌లో పేస్ట్ చేయండి. అది అయ్యాక విండో మూసి, మళ్లీ తెరిచి, ఫౌండ్రీఅప్ అని కొట్టండి.

రెండో మెట్టు. ఆన్విల్ అని ఒక్క మాట కొట్టి ఎంటర్ నొక్కండి. అంతే, నెట్‌వర్క్ మొదలైనట్టే. తెర మీద 10 ఖాతాలు వస్తాయి, ఒక్కోదాంట్లో 10,000 ఉత్తుత్తి ఈథర్. వాటి రహస్య తాళాలు కూడా కిందనే రాసి ఉంటాయి. చివర 127.0.0.1, పక్కన 8545 అని కనిపిస్తుంది. 127.0.0.1 అంటే "ఈ కంప్యూటరే" అని అర్థం, 8545 దాని తలుపు నంబరు. ఆ విండో మూయకండి. మూస్తే నెట్‌వర్క్ పోతుంది, అందులో చేసిన లెక్కలూ పోతాయి. దాచుకోవాలంటే మొదలుపెట్టేటప్పుడే స్టేట్ అనే ఆప్షన్‌తో ఒక ఫైల్ పేరు ఇవ్వండి.

మూడో మెట్టు. ఇంకో విండోలో ఫోర్జ్ ఇనిట్ చీటీ అని కొట్టండి. చీటీ అనే ఫోల్డర్ తయారవుతుంది. అందులో కోడ్‌కి ఒక చోటు, పరీక్షలకు ఒక చోటు ఉంటాయి. ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి ఫోర్జ్ టెస్ట్ కొడితే వాళ్లిచ్చిన నమూనా కోడ్ నడిచి పాస్ అని చూపిస్తుంది. మొదటిసారి కంపైలర్ దిగడానికి ఇంటర్నెట్ కావాలి. ఆ తర్వాత నెట్ లేకపోయినా పని జరుగుతుంది. క్యాంపులో వైఫై ఎలా ఉంటుందో మనకు తెలుసు కాబట్టి ఈ మాట చెప్తున్నా.

నాలుగో మెట్టు, వాలెట్. మెటామాస్క్‌లో కొత్త నెట్‌వర్క్ చేర్చి 127.0.0.1 చిరునామా, 8545 పోర్టు, చెయిన్ ఐడీ 31337 ఇవ్వండి. ఆన్విల్ ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు మెటామాస్క్ లావాదేవీలు పంపనని మొండికేస్తుంది. నేను దీనిమీద రెండు రాత్రులు పోగొట్టుకున్నా. కారణం చిన్నదే. నెట్‌వర్క్ కొత్త పుస్తకం తెరిచింది, వాలెట్ మాత్రం పాత వరస నంబరు దగ్గరే ఉంది. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కిందికి వెళ్లి యాక్టివిటీ డేటా క్లియర్ చేస్తే సరిపోతుంది.

ఇప్పుడు అసలు పని. ఏం కట్టి చూద్దాం? మనకు బాగా తెలిసింది చీటీ. చీటీకీ బ్లాక్‌చెయిన్‌కీ సంబంధమేంటని నవ్వకండి. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ చిట్ ఫండ్ కంపెనీల లావాదేవీల కోసం టీ-చిట్స్ అని బ్లాక్‌చెయిన్ వ్యవస్థ తెచ్చింది. దాన్ని తయారుచేసింది చిట్‌మాంక్స్ అనే హైదరాబాద్ స్టార్టప్. అంటే మన ఇంటి లెక్కే ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ పని అయింది.

మన చీటీ చిన్నది. ఏడుగురు, నెలకు 500. మొత్తం 3,500. ఈ నెల ఒకతను 400 తగ్గించుకుని 3,100కి పాడుకున్నాడు. ఆ 400 ఏడుగురికీ పంచాలి. ఆన్విల్ ఇచ్చిన 10 ఖాతాల్లో ఏడు మన సభ్యులు, ఒకటి చీటీ నడిపే మేస్త్రి.

నేను రాసిన మొదటి కోడ్‌లో మూడు చోట్ల దెబ్బతిన్నా. అవి మీకు చెప్తే నా రాత్రులు వృథా కానట్టే.

మొదటి దెబ్బ. 400ని 7తో భాగిస్తే 57, పైన కొంచెం. సాలిడిటీ భాషలో దశాంశాల్లేవు, పై కొంచెం వదిలేస్తుంది. ఏడుగురికి 57 చొప్పున 399 పోయాయి. ఒక దిర్హామ్ కాంట్రాక్టులోనే ఉండిపోయింది. దాన్ని బయటికి తీసే దారి నేను కోడ్‌లో రాయలేదు. అసలు నెట్‌వర్క్‌లో అయితే అది ఎప్పటికీ అక్కడే, నేను కూడా తీయలేను. ఫిల్స్‌లో లెక్కపెట్టినా 2 ఫిల్స్ మిగులుతాయి. మిగిలింది ఎవరికి పోవాలో ముందే రాయాలి. మన పెద్దవాళ్లు కాగితం మీద "చిల్లర మేస్త్రికి" అని రాసుకునేవాళ్లు. కోడ్‌లోనూ ఆ ఒక్క లైను కావాలి.

రెండో దెబ్బ. డబ్బు పంచేటప్పుడు ఒక్కొక్కరికీ వరసగా పంపేలా రాశా. ఏడుగురిలో ఒక ఖాతా డబ్బు తీసుకోనని తిప్పికొడితే ఆ లావాదేవీ మొత్తం రద్దవుతుంది, మిగతా ఆరుగురికీ అందదు. ఒక్కడి వల్ల చీటీ ఆగిపోయింది. దీనికి మందు, మనం పంపకూడదు. ఎవరి వాటా వాళ్ల పేరున రాసిపెట్టాలి, వాళ్లే వచ్చి తీసుకోవాలి.

మూడో దెబ్బ. నెల దాటినా కట్టనివాడి సంగతి. దీన్ని పరీక్షించడానికి నెల రోజులు ఆగాలా? అక్కర్లేదు. లోకల్ నెట్‌వర్క్‌లో కాలం కూడా మన చేతిలోదే. కాస్ట్ అనే పరికరంతో ఈవీఎం ఇంక్రీజ్‌టైమ్ పిలిచి 25,92,000 సెకన్లు, అంటే 30 రోజులు ముందుకు జరపండి. తర్వాత ఈవీఎం మైన్ పిలిస్తే కొత్త బ్లాక్ వస్తుంది, గడువు దాటిపోతుంది. అలా జరిపి చూస్తే నాకు తెలిసిందేంటంటే, మూడో నెలలో పాడుకుని 3,100 తీసుకున్నవాడు నాలుగో నెల కట్టకపోతే కోడ్ ఏమీ చేయలేదు. బాకీ ఉన్నాడని అందరికీ చూపిస్తుంది, అంతవరకే. వాడి వీసా క్యాన్సిలై శంషాబాద్‌లో దిగిపోయాడని దానికి తెలియదు. ఊళ్లో అయితే జామీను ఉంటాడు, 1982 చిట్ ఫండ్ చట్టం ఉంటుంది, రిజిస్ట్రార్ ఉంటాడు. ఆ పని బ్లాక్‌చెయిన్ చేస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. ఇంకో మాట, ఇది చదువుకోసం కట్టిన చీటీ. లైసెన్స్ లేకుండా నిజం డబ్బు వసూలు చేసి ఇక్కడ ఎవరూ నడపొద్దు.

చూశారా, ఈ మూడు తప్పులకీ నాకు ఖర్చయింది సున్నా. అసలు నెట్‌వర్క్‌లో అయితే ఏడుగురి జీతాల్లోంచి పోయేది. లోకల్ నెట్‌వర్క్ ఉన్నది ఇందుకే.

ఇప్పుడు ఒక హెచ్చరిక. ఇది నా సొంత నష్టం. ఆన్విల్ ఇచ్చే ఆ 10 ఖాతాలు నా ఒక్కడివే అనుకున్నా. కాదు. ఆ తాళాలన్నీ 12 మాటల నుంచి పుడతాయి. 11 సార్లు టెస్ట్, చివర జంక్. ప్రపంచంలో ఎవరు ఆన్విల్ నడిపినా అవే ఖాతాలు, హార్డ్‌హ్యాట్ నడిపినా అవే. అంటే ఆ తాళంచెవి లోకమంతటికీ తెలుసు. నేను ఒకరోజు మెటామాస్క్‌లో నెట్‌వర్క్ మార్చడం మరిచిపోయి, నిజమైన ఈథర్ సుమారు 200 దిర్హామ్స్‌ది ఆ మొదటి ఖాతాలోకి పంపా. వెనక్కి తీసుకుందామని చూసేలోపే ఖాళీ. ఆ చిరునామాలకు ఏదైనా పడుతుందేమోనని ప్రోగ్రాములు రాత్రింబగళ్లు కాచుకుని ఉంటాయి. ఎవరిమీద ఫిర్యాదు చేయాలి? తప్పు నాది.

కాబట్టి నేర్చుకునే వాలెట్‌కి బ్రౌజర్‌లో వేరే ప్రొఫైల్ పెట్టుకోండి. నిజం డబ్బున్న వాలెట్ అందులో తెరవొద్దు. ఉద్యోగం ఇస్తామని ఎవరైనా "ఈ కోడ్ దింపి నడిపి చూపించు" అంటే ఇంకా జాగ్రత్త. ఇంటర్వ్యూ పేరుతో డెవలపర్ల చేత దొంగ కోడ్ నడిపించి తాళాలు కాజేసే ముఠాలున్నాయి. 2025 ఫిబ్రవరిలో దుబాయ్ కేంద్రంగా ఉన్న బైబిట్ ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల ఈథర్ పోయింది. ఆ దొంగతనం వాళ్లకు వాలెట్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే సంస్థలోని ఒక డెవలపర్ కంప్యూటర్ నుంచే మొదలైంది. అంత పెద్ద దొంగలకు కూడా తలుపు ఒక ల్యాప్‌టాపే.

రూమ్‌మేట్ ఫోన్ నుంచి మీ నెట్‌వర్క్ చూపించాలనుకుంటే ఆన్విల్‌కి హోస్ట్ ఆప్షన్‌లో 0.0.0.0 ఇవ్వాలి. అది క్యాంప్ వైఫైలో చేయకండి, పక్క గదిలోవాళ్లు కూడా లోపలికి రావచ్చు. మీ ఫోన్ హాట్‌స్పాట్ మీద చేయండి.

లోకల్‌లో అన్నీ సరిగ్గా నడిచాక తర్వాతి మెట్టు సెపోలియా అనే పబ్లిక్ టెస్ట్ నెట్‌వర్క్. దానికి కావలసిన ఈథర్ ఫాసెట్ సైట్లలో ఉచితంగా, కొంచెం కొంచెంగా ఇస్తారు. మన తమ్ముడిని 300 అడిగింది బహుశా దీనికే. ఒక పాత కథ చెప్పి ముగిస్తా. గోర్లీ అని ఇలాంటి నెట్‌వర్కే ఉండేది. 2023లో దాని టెస్ట్ ఈథర్ దొరకడం కష్టమై, జనం నిజం డబ్బు పెట్టి కొన్నారు. 2024లో ఆ నెట్‌వర్క్‌నే మూసేశారు. కొన్నవాళ్ల చేతిలో ఏం మిగిలింది?

తమ్ముడూ, ఆ 300 దిర్హామ్స్ ఇంటికి పంపు. వచ్చే సెలవు రోజు పొద్దున చాయ్ పెట్టుకుని కూర్చుని ఆన్విల్ అని ఒక్క మాట కొట్టు. 10 ఖాతాలు వచ్చాక నాకు మెసేజ్ పెట్టు. నీ చీటీలో ఆ మిగిలిన ఒక దిర్హామ్ ఎవరికి రాశావో కూడా చెప్పు. వచ్చే ఎపిసోడ్‌లో దాన్ని అందరికీ వినిపిద్దాం.

జాగ్రత్తగా ఉండండి. ఉంటాను మరి.