మీ లొకేషన్ పిన్ కింద ఒక ఊరు ఉంది

ఈ ఎపిసోడ్‌లో కొత్త ఫోన్ రివ్యూ లేదు, ఇంటర్వ్యూ టిప్స్ లేవు. మన ఐటీ కారిడార్‌లో మీరు రోజూ ఫోన్‌లో టైప్ చేసే పేర్ల గురించి మాట్లాడుకుందాం. గచ్చిబౌలి, రాయదుర్గం, కొండాపూర్, దుర్గం చెరువు. క్యాబ్ అన్నకి చెప్తాం, డెలివరీ అన్నకి చెప్తాం. అసలు వాటి అర్థం ఏంటని ఎప్పుడైనా ఆలోచించారా?

ముందు నా గురించి రెండు ముక్కలు. మాది కొండాపూర్. బీటెక్ అయ్యాక నాలుగేళ్లు ఇక్కడే కోడ్ రాశా. నేను పుట్టింది 1998లో. అదే ఏడాది నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. అంటే ఆ గుండ్రటి పది అంతస్తుల బిల్డింగూ నేనూ ఒకే ఈడు. 2003లో ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యాక, మా చుట్టాలు హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి మా ఇంటికొచ్చేవాళ్లు. చాయ్ కూడా తాగకుండానే "ఆ టవర్స్ ఎక్కడ, చూపియ్యండి" అని అడిగేవాళ్లు. మేం పిల్లలమేమో సీతాఫలాల కోసం గుట్టల మీద పడి తిరిగేవాళ్లం. ఆ గుట్టల రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఒక్కో గుట్టని పగలగొట్టడానికి మాత్రం కొన్ని నెలలు చాలు.

సరే, పేర్ల దగ్గరికొద్దాం. గచ్చు అంటే సున్నంతో చేసే గట్టి పూత. బౌలి అంటే ఉర్దూలో మెట్లబావి. రెండూ కలిపి చదవండి, గచ్చిబౌలి. కొండాపూర్‌లో కొండ ఉంది. రాయదుర్గంలో దుర్గం, అంటే కోట ఉంది. మాదాపూర్ పక్కనే ఒక రెవెన్యూ గ్రామం పేరు గుట్టల బేగంపేట. గుట్టలు చాలావరకు పోయాయి, రిజిస్ట్రేషన్ కాగితాల్లో మాత్రం ఇంకా ఉన్నాయి! దుర్గం చెరువు అయితే కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకి మంచినీళ్లిచ్చిందని చెప్తారు. చుట్టూ గుట్టలుండి బయటికి కనపడేది కాదు, అందుకే దానికి సీక్రెట్ లేక్ అనే పేరొచ్చింది. 2020 సెప్టెంబర్‌లో దాని మీద కేబుల్ బ్రిడ్జి తెరిచారు. ఇప్పుడు అక్కడ దిగని సెల్ఫీ లేదు. సీక్రెట్ అంటే నవ్వొస్తది కదా?

ఇంకో పేరు, కంచ. కంచ అంటే పశువులు మేసే బీడు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల గొడవ 2025లో దేశమంతా చూసింది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. మనలో చాలామంది ఆ మాట విన్నది అప్పుడే. మా నానమ్మకి మాత్రం అది రోజువారీ మాట.

నానమ్మకి ఎనభై దాటాయి. ఆదివారాలు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి ఆమె పక్కన కూర్చుంటా. బాయికాడి మడి, చింతచెట్టు చెలక, మత్తడి కింది పొలం... ఇలా వరసగా చెప్తది. ఇవి ఏ మ్యాప్‌లోనూ లేవు. ఆమె నోట్లో మాత్రమే ఉన్నాయి. ఒకసారి వానకి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు నిలిచిన వీడియో చూపించా. ఆమెకేం ఆశ్చర్యం లేదు. "అది కుంట బిడ్డా. కుంటల నీళ్లు కాకుంటే ఏముంటయి?" అంది.

ఆ మాటలో ఇంజినీరింగ్ ఉంది ఫ్రెండ్స్. మన దగ్గర చెరువులు గొలుసుకట్టు. పైనున్న కుంట నిండితే మత్తడి దూకి, వాగుల్లోంచి కింది చెరువుకి పోతది. నేలంతా రాయి కాబట్టి నీరు తొందరగా ఇంకదు, పల్లం వెతుక్కుంటూ పారుతది. మధ్యలో వాగుని పూడ్చి బేస్‌మెంట్ పార్కింగ్ కడితే, నీళ్లు తమ పాత దారిలోనే వచ్చి పార్కింగ్‌లో ఆగుతాయి. మనం లాప్‌టాప్ తీసి "హెవీ రెయిన్, వర్క్ ఫ్రమ్ హోమ్" అని మెసేజ్ పెడతాం.

పాత కోడ్‌లో ఎవరో సీనియర్ రాసిపెట్టిన కామెంట్ ఉంటది చూడండి, "ఈ లైన్ తీసేయకండి, సిస్టమ్ ఆగిపోతది" అని? ఊరి పేర్లు అలాంటివే. కుంట, చెరువు, బౌలి అంటే ఇక్కడ నీళ్లుండేవని అర్థం. మనం కోడ్ మార్చేశాం, కామెంట్ చదవలేదు.

ఐటీ రాకుండా ఉంటే బాగుండు అని నేను అనను. మా చెలక అమ్మిన పైసలతోనే నా బీటెక్ ఫీజు కట్టారు మా నాన్న. తర్వాత నాకు జీతమిచ్చింది కూడా ఈ బిల్డింగులే. ఈ మైక్ కొన్నది ఆ జీతంతోనే. కానీ చెలక పోవడం వేరు, ఆ చెలక పేరు తెలిసిన ఆఖరి మనిషి పోవడం వేరు. మొదటిదానికి ఎంతో కొంత ధర వచ్చింది. రెండోదానికి ఏమీ రాదు.

అందుకే రెండు పనులు చెప్తా. ఒకటి, ఈ వైపు ఫ్లాట్ కొనాలనుకుంటే బ్రోషర్‌లో ఉన్న ఇంగ్లిష్ పేరుతో ఆగకండి. రెవెన్యూ గ్రామం పేరు, సర్వే నంబర్ అడగండి. హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో చెరువుల మ్యాప్‌లున్నాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. మీ ఫ్లాట్ ఆ గీతకి లోపలుందా, బయటుందా చూసుకోండి. రెండు, మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ వారమే ఒక అరగంట రికార్డ్ చేయండి. ఏ ఊరైనా సరే. "మన పొలాల పేర్లేంటి, నీళ్లు ఎటునుంచి ఎటు పోయేవి?" అని అడగండి చాలు, మిగతాది వాళ్లే చెప్తారు.

మీకు దొరికిన పేర్లు నాకు పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుదాం. ఉంటా మరి, బై!