విదేశ ధనము – చిప్పుల పరిశ్రమ

మా నిమ్మనపల్లె రైతు టమాటా నారు నాటుటకు ముందు బాహుదా జలాశయమున నీరెంత గలదో చూచును. విదేశ ధనికుడును అట్లే చూచును.

చేతి ఫోను మొదలు కారు వఱకు నేడేదియు సిలికాను చిప్పు లేనిదే నడవదు. 2006వ సంవత్సరమున సెమ్ఇండియా యను సంస్థ, అమెరికాలోని ఏ.ఎమ్.డి. సంస్థ విద్యతో, 300 కోట్ల డాలర్లు వెచ్చించి వీనిని హైదరాబాదు చెంత చేయుదుమని నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనెను. ఫ్యాబ్ సిటీ యను పేర భూమి సిద్ధమయ్యెను. కేంద్రప్రభుత్వపు రాయితీల విధానము 2007 మార్చి వఱకు వెలువడలేదు. చిప్పుల కర్మాగారము మాత్రము రానేలేదు.

ఈ పరిశ్రమకు రెప్పపాటైనను విద్యుత్తు ఆగరాదు; అతిశుద్ధమైన నీరు నిత్యము కావలయును; నేర్పరులు కావలయును; కోట్లు పెట్టి కొన్న యంత్రము కొన్నియేండ్లకే పాతబడును. సంతకము వీనిలో దేనిని తీర్చదు.

2025 ఆగస్టున కేంద్రమంత్రివర్గము మన రాష్ట్రమున చిప్పులను కూర్చి పొదుగు కర్మాగారమునకు, కొరియా సంస్థ సాంకేతిక సహాయముతో, అనుమతి యిచ్చినది. ఏటికి 9 కోట్ల 60 లక్షలు చేయుట లక్ష్యము. క్రింది మెట్టుతో మొదలిడుట మేలే.

అయినను, రేపు మన భూమి నడుగ వచ్చువారిని మూడు ప్రశ్న లడుగుడు: నీరెక్కడిది? మన బిడ్డలకు నేర్పు విద్య యేది? కర్మాగారము రానిచో భూమి యెవరిది? ముందడిగిన ప్రశ్నయే వెనుకటి వ్యాజ్యమును తప్పించునని ఈ బడిపంతులు నమ్మిక.