పెరటి మొక్కలకు అమ్మోనియా పోయవచ్చునా?

(సంఘ సమావేశమున ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగము)



అద్దములు, గచ్చు కడుగుటకు కొనుచున్న అమ్మోనియా ద్రావకమును నీటిలో కలిపి పోసినచో పెరటి మొక్కలు ఏపుగా పెరుగునని మన వీధులలో ఒక మాట వ్యాపించినది. దుకాణమునకు వచ్చువారు నన్నును అడుగుచున్నారు. సరుకు అమ్ముకొనువాడను గనుక ఔననుటయే నాకు లాభము. అయినను ఆ మాట అనజాలను.

ఈ అమ్మోనియా మనకు క్రొత్తది కాదు. కళాయివాడు కాగిన పాత్రలో నవాసాగరము చల్లినప్పుడు లేచు పొగలోను, కడుగని పశువులకొట్టపు ఘాటులోను ఉన్నది అదియే. అందు తూకమునకు నూటికి 82 పాళ్లు నత్రజని. ఆకు పచ్చగా ఎదుగుటకు నత్రజని వలయును. కావున ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. జనులు నమ్ముటకు కారణమును అదియే.

అయితే సీసాలోనిది తీక్ష్ణమైన క్షారము. లేత వేళ్లను, ఆకులను మాడ్చివేయును. నేలలోని సూక్ష్మజీవులు అమ్మోనియాను మెల్లమెల్లగా నైట్రేటుగా మార్చి మొక్కకు అందించును. కుండీలోని కొద్దిపాటి మట్టిపై ఒక్కసారిగా కుమ్మరించినచో ఆ పని సాగదు. సున్నపుపాలు హెచ్చుగా నున్న నేలలో చాలభాగము గాలిలో కలిసిపోవును. పైగా కొన్ని సీసాలలో సబ్బును, పరిమళమును కూడ కలుపుదురు. అది తోటకొరకు చేసిన సరుకు కాదు.

ఆ అమ్మోనియానే గంధకామ్లముతో చేర్చి అమ్మోనియం సల్ఫేటుగను, బొగ్గుపులుసు వాయువుతో చేర్చి యూరియాగను కర్మాగారములలో సాధువు చేయుదురు. మనకు సమీపముననున్న తూత్తుకుడిలో స్పిక్ కర్మాగారము 1975లో ఈ పని ఆరంభించినది. యూరియాలో నత్రజని 46 పాళ్లు. పది లీటర్ల నీటికి ఒక చిన్న చెంచాడు చాలును. అదియు తడిసిన మట్టికే పోయవలెను. మామిడి చెట్టుకు మాత్రము చేయి అదుపులో నుంచుకొనుడు. నత్రజని మితిమీరినచో ఆకులు దట్టమగును, పూత తగ్గును. సప్పట్టై పండ్లు కోరువారికి ఆకులతో పనియేమి? మాగిన పేడయెరువు, వేపపిండి నా లెక్కలో మేలు.

ఇక మొక్కలకంటె ముఖ్యమైన సంగతి. అమ్మోనియాను బ్లీచింగు పొడితో ఎన్నడును కలుపరాదు. అందుండి వెలువడు క్లోరమిన్ ఆవిరులు ఊపిరితిత్తులను దెబ్బతీయును. స్త్రీలు తలుపు మూసికొని స్నానపుగది కడుగునప్పుడు ఇది జరుగుటకు అవకాశము కలదు. పొరపాటున కలిసినచో తక్షణమే బయటి గాలిలోనికి రండు. దగ్గు, ఆయాసము కలిగినచో వైద్యునియొద్దకు పొండు. ఈ రెంటిని వేరువేరు అరలలో, పిల్లల చేతికి అందకుండ నుంచుడు. పానీయముల సీసాలలో ఎన్నడును పోసి యుంచకుడు.