కొత్తరెడ్డిపాలెంలో తోరా చదువు

గుంటూరు నుంచి బాపట్ల వెళ్లే దారిలో చేబ్రోలు వస్తుంది కదా, ఆ పక్కదే కొత్తరెడ్డిపాలెం. యాకోబి అనే ఇంటిపేరున్న సోదరుల పూనికతో 1991లో అక్కడ యూదుల ప్రార్థనా మందిరం వెలిసింది. ఆ మందిరానికి వచ్చే, తమను బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే కుటుంబాలవారు అంతకుముందు బాప్టిస్టు చర్చికి వెళ్లినవారే. ఇంట్లో మాట తెలుగు. ప్రార్థన కోసం పిల్లలు హీబ్రూ నేర్చుకోవాలి.

తోరా అంటే మోషే ఐదు గ్రంథాలు. కథలు తెలుగు బైబిల్లో ఉన్నవే, కష్టమంతా చదవడంలో. అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మన గుణింతం గుర్తుల్లాంటి చుక్కలు, గీతలు పిల్లల పుస్తకాల్లో ఉంటాయి గానీ, తోలుచుట్ట మీద చేత్తో రాసిన తోరాలో ఉండవు. అచ్చులన్నీ నోటికి రావాల్సిందే. పెద్దలకైనా అదేమంత తేలిక కాదులెండి!