భయపడిన బిడ్డతో ప్రయాణము
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వరద తీసిన పిమ్మట ఎన్ని ఇండ్లు కూలినవి, ఎన్ని పశువులు కొట్టుకొనిపోయినవి, ఎన్ని ఎకరముల వరి మునిగినది అని మనము లెక్కలు వ్రాయుదుము. ఆ లెక్కలు అవసరమే. కాని ఆ పట్టికలకెక్కని నష్టమొకటి గలదు. కన్నులయెదుట ఇల్లు కూలుట చూచిన పసివాని మనస్సునకు తగిలిన దెబ్బ అందు కనబడదు. ఇంటిపట్టున ఉన్నంతకాలము అది అణగియుండి, కుటుంబము మరల ప్రయాణము కట్టినపుడు బయటపడుట కలదు. అట్టి పిల్లలతో ప్రయాణము చేయవలసిన కుటుంబములకు పంచాయతీ ఏమి చేయగలదో మేము నేడు మనవి చేయదలచినాము.

ఇది మన ప్రాంతములకు చిన్న విషయము గాదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడినపుడు వేలకొలది ప్రాణములు పోయినవి. తరువాత తీరము వెంబడి తుపాను షెల్టర్లు వెలసినవి. హెచ్చరికలు ముందుగా అందుచున్నవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటుటకు ముందే వేలాది కుటుంబములను సురక్షిత స్థలములకు చేర్చిరి. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు మించినపుడు ఏటి ఒడ్డు గ్రామములను ఖాళీ చేయవలసివచ్చినది. అనగా ఆపత్కాలమున ప్రాణరక్షణకు మార్గము ప్రయాణమే. ఒకసారి బెదరిన బిడ్డ రెండవసారి పడవ ఎక్కనని పెనుగులాడినచో, బిడ్డకొరకు తల్లి ఆగును. తల్లికొరకు ఇంటిల్లిపాది ఆగుదురు. ఆ గంట ఆలస్యము ప్రాణములమీదికి తేవచ్చును.

ముందుగా ఆ భయమును గుర్తించుట నేర్వవలెను. ఆపద గడచిన పిదప పెరిగిన పిల్లవాడు పక్క తడుపును. మాటకారియైన పిల్ల మూగవోవును. తల్లి కొంగు విడువరు. గాలి గట్టిగా వీచినను, పైకప్పు రేకు చప్పుడైనను ఉలికిపడుదురు. కడుపునొప్పి అందురు, వైద్యునకు చూపిన రోగమేమియు కనబడదు. కొందరు వరద ఆటనే మరల మరల ఆడుదురు. ఇది గాలి సోకుట గాదు, మొండితనము అంతకంటె గాదు. వేళకు అన్నము, నిద్ర, ఆట, బడి, పెద్దల ఆదరణ లభించినచో పెక్కుమంది పిల్లలు కొలది వారములలో తేరుకొందురు. నెల దాటినను తగ్గకున్నచో ఆసుపత్రికి తీసికొనిపోవలెను. టెలీ మానస్ వారి 14416 నంబరునకు ఫోను చేసి తెలుగుననే సలహా పొందవచ్చును. దానికి రుసుము లేదు.

ఇక ప్రయాణము సంగతి. బెదరిన బిడ్డను కదలించుటకు మనవారు సామాన్యముగా రెండు ఉపాయములు పన్నుదురు. ఒకటి మోసము: మిఠాయి కొందమని చెప్పి బస్సెక్కింతురు. రెండవది బెదిరింపు: పోలీసు వచ్చుచున్నాడందురు, లేదా నాలుగు తగిలింతురు. ఈ రెండును ఆ పూటకు పనిచేసినట్లు తోచును. కాని మోసపోయిన బిడ్డ మరునాడు తల్లి మాటను కూడ నమ్మదు. నిజము చెప్పుటయే మేలు. "గాలివాన రానున్నది. మనమందరము బడి భవనమునకు పోవుదుము. అమ్మ నీతోనే ఉండును. గాలి తగ్గిన పిమ్మట ఇంటికి వచ్చెదము" అను నాలుగు మాటలు చాలును. తెలియని దానికి మాట ఇయ్యరాదు. "ఇంటికేమియు కాదు" అని చెప్పి, తిరిగి వచ్చునప్పటికి ఇల్లు లేకపోయినచో ఆ బిడ్డ ఎవరిని నమ్మవలెను?

బయలుదేరునపుడు బిడ్డచేతికి తనదైన వస్తువొకటి ఇయ్యుడు. బొమ్మ కావచ్చును, పలక కావచ్చును, అలవాటైన దుప్పటి కావచ్చును. అన్నదమ్ములను అక్కచెల్లెండ్రను వేరువేరు బండ్లలో ఎక్కింపరాదు. స్థలము చాలనిచో కుటుంబమంతయు తరువాతి బండిలో పోవునట్లు ముందే ఏర్పాటు చేయవలెను. పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను నంబరు వ్రాసిన చీటిని పిల్లల జేబులో కుట్టవలెను. దారిలో జరుగబోవు దానిని ముందుగా చెప్పుచుండవలెను: "ఇపుడు ఇంజను చప్పుడగును, ఇపుడు పడవ కొంచెము ఊగును" అన్నచో భయము సగము తగ్గును. బిడ్డ ఏడ్చినచో ఏడ్వనియ్యుడు. వరదలో ఏమి చూచితివని గ్రుచ్చి గ్రుచ్చి అడుగరాదు. తానై చెప్పినపుడు మాత్రము పని మాని వినవలెను.

షెల్టరు చేరిన పిదప బాధ్యత మరింత పంచాయతీదే. పిల్లలకు ఒక మూల కేటాయించి, అంగన్‌వాడీ కార్యకర్తను అచట కూర్చుండబెట్టుడు. రాత్రి దీపముండవలెను, మరుగుదొడ్డికి పోవు దారిలో వెలుతురుండవలెను. కూలిన ఇండ్లు, శవములు కనబడు చిత్రములను పిల్లలయెదుట ఫోనులలో చూడవలదని పెద్దలకు చెప్పుడు.

తిరుగు ప్రయాణమును మనము తేలికగా చూతుము. బిడ్డకు అదియే కష్టమైనది. ఆరేండ్ల బాలిక యొకతె తన మేకపిల్లను విడిచి వచ్చినదనుకొనుడు. ఆమె మనస్సులో ఆ మేకపిల్ల ఇంకను గుంజకు కట్టియే యున్నది. కనుక మొదట పెద్దలొకరు పోయి చూచి రావలెను. పశువుల కళేబరములు తొలగించి, విద్యుత్తు తీగలు సరిచేసిన పిమ్మటనే పిల్లలను తేవలెను. ఇల్లు ఎట్లు మారినదో, ఏమి పోయినదో దారిలోనే మెల్లగా చెప్పవలెను. బడి పాడైన ఊరి పిల్లలు కొన్నాళ్లు బంధువుల ఊరిలో చదువవలసివచ్చినచో, బదిలీ పత్రము ఆలస్యమైనదని ఆ ఊరి ప్రభుత్వ పాఠశాల ప్రవేశము నిరాకరింపరాదు. 2009 విద్యాహక్కు చట్టము ఈ రక్షణ కల్పించినది.

ఆపద గడచిన ఏడాదికి కూడ కొందరు పిల్లలు పెండ్లికి పోవుటకు పంటు దాటజాలరు. జాతర గుంపులో నిలువజాలరు. 2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. అట్టి బిడ్డ గల కుటుంబములు రద్దీ తక్కువగు దినమును, పెద్ద ఘాట్లకు మారుగా చిన్న రేవును ఎంచుకొనుట మంచిది. ఒకరు తప్పిపోయినచో కలిసికొనవలసిన చోటును ముందే పిల్లలకు చూపవలెను. బిడ్డ ఈ ఏడు రాజాలనన్నచో ఒక పెద్ద తోడుగా ఇంట నిలుచుట తప్పు గాదు.

తోడు లేక ప్రయాణము చేయు బిడ్డ సంగతి వేరు. ఆపదలో తలిదండ్రులను కోల్పోయిన, లేదా తప్పిపోయిన పిల్లలను "పట్నములో చదివింతుము, పని ఇప్పింతుము" అని తీసికొనిపోవువారు బయలుదేరుదురు. అట్టివారికి బిడ్డను అప్పగించు అధికారము సర్పంచికి గాని, ఊరిపెద్దకు గాని లేదు. వెంటనే 1098కి తెలుపవలెను. ప్రయాణకాలము మినహా 24 గంటలలో బిడ్డను బాలల సంక్షేమ సమితి యెదుట హాజరుపరుపవలెనని 2015 బాల న్యాయ చట్టము చెప్పుచున్నది. మేనమామయో, పినతండ్రియో వచ్చినను ఈ పద్ధతిననే అప్పగించుట బిడ్డకు క్షేమము.

సభ్యులారా! చివరిగా ఒక్క పనిని ప్రత్యేకముగా కోరుచున్నాము. షెల్టరును పిల్లలు మొదటిసారి చీకటిలో, హోరుగాలిలో చూడకుండ చేయుడు. గోదావరి ఒడ్డువారు జూలైకి ముందును, తీరమువారు అక్టోబరునకు ముందును ఎండ కాయు ఒక దినము నిర్ణయింపుడు. ఉపాధ్యాయులతో, అంగన్‌వాడీ కార్యకర్తతో, తల్లులతో మాట్లాడి పిల్లలనందరిని అదే దారిన, వీలైనచో అదే బండిలో, అచటికి తీసికొనిపొండు. మెట్లెక్కనియ్యుడు, డాబాపై ఆడుకొననియ్యుడు, అచటనే అన్నము పెట్టింపుడు. రేవు దాటు ఊరైనచో లైఫ్ జాకెట్టు తొడిగి పంటును చూపుడు. వెనుకటి ఆపదలో బెదరిన పిల్లల ఇండ్లకు వార్డు సభ్యులు ముందుగా పోయి, వారిని బలవంతము చేయక, తల్లి చేయి పట్టుకొని వచ్చునట్లు చూడుడు. మొదటి దినము గుమ్మము వరకే వచ్చినను చాలును. మరియొక దినము లోనికి వచ్చును.

ఇందులకు పెద్ద నిధులు అక్కరలేదు. ఒక పూట భోజనము, ఒక బండి, నలుగురు సభ్యుల శ్రద్ధ చాలును. రేపు హెచ్చరిక వినబడి మైకు ఊరంతయు తిరుగునపుడు ఆ బిడ్డయే తల్లి కొంగు లాగి "పోదము రమ్ము, ఆ చోటు నాకు తెలియును" అనవలెను. రాబోవు గ్రామసభలో ఆ దినమును నిర్ణయింపుడని మిమ్ములను కోరుచున్నాము.